తెప్పలపాలెం వెలుగుపెట్టె

భాద్రపద శుద్ధ పాడ్యమి

ఈ ఏడు వెలుగుపెట్టె వంతు మా ఇంటికి వచ్చింది. పెట్టె ఏ తెప్ప మీద ఉంటే ఆ ఇంటివాళ్లు దినచర్య రాయాలని ఊరి కట్టుబాటు. మా ఇంట్లో రాయడం వచ్చింది నాకొక్కదానికే. అయిదో తరగతి దాకా చదివాను. ఆ తర్వాత గాలివానకు మా పుట్టింటి ఊళ్లోని బడి తెప్ప తాడు తెంచుకొని పోయింది. మాస్టారు దొరికారు గాని బడి దొరకలేదు.

పెట్టె బియ్యం డబ్బా అంత ఉంటుంది. పైన చిన్న గుంట. అందులో మాత్ర పెట్టి మూత వేస్తే లోపల వెలుతురు వస్తుంది. మాత్ర మీద పడి తిరిగి వచ్చే వెలుతురును పెట్టె చదువుకొని, అద్దం మీద మిట్టలూ పల్లాలూ ఉన్న గీత ఒకటి గీస్తుంది. ఒక్కో మందుది ఒక్కో గీత. తనకు తెలిసిన గీతలతో పోల్చి చూసి, ఇది మంచి మాత్ర, ఇది దొంగ మాత్ర, ఇది కాలం తీరిన మాత్ర అని నోటితోనే చెబుతుంది. ఎవరు నేర్పారో గాని పురాణం చెప్పే పంతులుగారిలా మాట్లాడుతుంది.

"గుళికను ఉంచవలెను," అంది, మా ఆయన దాన్ని కింద పెట్టగానే.

మా అత్తయ్య మావుళ్లమ్మ గారు దానికి బొట్టు పెట్టారు. "ఆడో మగో తెలవదు. ఏదైతేనేం, మా ఇంటికొచ్చావ్. చల్లగా ఉండు నాయనా," అన్నారు.

"గుళికను ఉంచవలెను."

"ఉంచుతాంలే. ముందు కాస్త కుదురుకో."

అత్తయ్య మాట్లాడుతుంటే మధ్యలో దూరడానికి చేపముల్లంత సందు కూడా ఉండదు. నాకు అదే సుఖం. నేను మాట్లాడవలసినవి కూడా ఆవిడే మాట్లాడేస్తారు. పక్క తెప్ప సూరయ్యమ్మ వచ్చి, "కూరేం చేశావే, రత్నం?" అని నన్ను అడిగితే జవాబు అత్తయ్య చెబుతారు. పెళ్లయి రెండేళ్లయినా ఈ ఊళ్లో నా గొంతు విన్నవాళ్లు తక్కువ.

నిన్న అమావాస్య పోటు మీద మందుల పడవ ఏరు సముద్రంలో కలిసే మొగ దాటి వచ్చింది. పున్నమి పోటుకు వెళ్లిపోతుంది. మామూలు పోటుకు మొగ దగ్గర ఇసుక మేట దాటలేదు. ఇప్పుడు పోయిందంటే, తుపాన్ల కాలం గడిచి, మాఘమాసంలోనే మళ్లీ రావడం.

తదియ

పొద్దున ఎండ పలకల మీద కొంగల రెట్ట కడిగాను. కడగకపోతే మధ్యాహ్నానికి కరెంటు తగ్గి పెట్టె సాగదీసి మాట్లాడుతుంది. తర్వాత ట్యాంకు దగ్గరికి వెళ్లి గుడ్లు తెచ్చాను. మా తెప్పలన్నీ పాత ఊరి నీళ్ల ట్యాంకుకు కట్టి ఉంటాయి. అప్పట్లో దాని లోపల నీళ్లు, చుట్టూ నేల ఉండేవట. ఇప్పుడు చుట్టూ నీళ్లు, లోపల కోళ్లు.

పక్కనున్న చెక్కలపేట తెప్పలవాళ్లకు పోయినేడు ఎవరో సుద్ద మాత్రలు అంటగట్టారట. అది విని మా ఊరి పెద్ద సరంగు వీరాస్వామి గారు కొత్త కట్టుబాటు పెట్టారు. ఇదివరకు మాత్రలు ఇళ్లకు చేరాక, ఎవరికి అనుమానం వస్తే వాళ్లు తెచ్చి పెట్టెకు చూపించేవారు. ఇకనుంచి పడవ మీదే చూపించాలి. పెట్టె కాదన్న సరుకు తెప్ప ఎక్కకూడదు, వచ్చిన పడవలోనే తిరిగిపోవాలి. పెట్టె మాట మీద ఎవరి మాటా లేదు. ఈ చివరి ముక్క అత్తయ్య పట్టుబట్టి చేర్పించారు.

కట్టుబాటు పెట్టి సరంగు గారు మగవాళ్లను తీసుకొని లోతు సముద్రానికి వేటకు వెళ్లిపోయారు. పున్నమికి గాని రారు. తాళ్లు చూసుకోవడానికి మా ఆయనను ఊళ్లో వదిలారు. పెట్టెను ఆయన నెత్తిన పెట్టుకున్నారు, అత్తయ్య ముందు నడిచారు, నేను వెనక నడిచాను.

పడవ మీద మందులు చూసేది విశాలాక్షి గారనే పెద్దావిడ. అట్ట చింపి జ్వరం మాత్ర ఒకటి గుంటలో పెట్టారు.

"సందేహాస్పదము. విశ్వాసము నూటికి తొమ్మిది పాళ్లు."

"తొమ్మిదా?" అన్నారు విశాలాక్షి గారు. ఇంకొకటి పెట్టారు. సందేహాస్పదము. చక్కెర జబ్బు మాత్ర పెట్టారు. సందేహాస్పదము. ఆఖరికి అత్తయ్య వేసుకునే గుండెదడ మాత్ర పెట్టారు. అదీ అంతే.

అత్తయ్య చీర కొంగు నడుముకు దోపుకున్నారు. "ఏమ్మా విశాలాక్షమ్మా, చూడబోతే పెద్దింటి మనిషిలా ఉన్నావ్. ఇంత దూరం పడవెడు సుద్ద మోసుకొచ్చావా? మా ఇళ్లకి ముగ్గులెయ్యడానికి నేల కూడా లేదు కదమ్మా."

విశాలాక్షి గారు మాత్రను వేళ్ల మధ్య తిప్పి చూసుకుంటూ ఉండిపోయారు.

పంచమి

అత్తయ్య మాత్రల గిన్నె అడుగు కనిపిస్తోంది.

ఇక్కడ ఉప్పుగాలికి మాత్రల అట్టలు నాలుగు రోజుల్లో చీకిపోతాయి. అందుకని మాత్రలు ఇంటికి రాగానే అట్ట చింపి పోపుల పెట్టెలో పోసేస్తారు. గాలి దూరకుండా మూతపడే డబ్బా ఏ ఇంట్లోనైనా అదొక్కటే. తెప్పలపాలెం పోపుల పెట్టెల్లో పసుపు గిన్నె పక్కన మాత్రలకని ఒక గిన్నె ఎక్కువ ఉంటుంది. నా సారెతో వచ్చిన పోపుల పెట్టెకు ఆ గిన్నె లేదని సూరయ్యమ్మ ఇప్పటికీ ఎవరో ఒకరికి చెబుతూనే ఉంటుంది.

అత్తయ్య ఇవాళ మాత్రను సగానికి విరిచి వేసుకున్నారు.

"పడవలోది ఒకటి తెమ్మంటారా?" అని అడిగాను.

"పెట్టె కాదన్నది నోట్లో ఏసుకుంటానేంటే? రేపు నేను పోతే ఊరేమంటది? మావుళ్లమ్మ తను పెట్టించిన కట్టుబాటు తనే తప్పి చచ్చిందంటది. బతికున్నన్నాళ్లూ ఒకళ్ల చేత మాట పళ్లేదు. చచ్చాక పడతానా?"

పెట్టెకే జబ్బు చేసిందేమోనని, ఆవిడ గిన్నెలో మిగిలిన మాత్ర ఒకటి చూపించాం. "హృద్రోగ గుళిక. నిర్దుష్టము. నూటికి తొంబదియారు పాళ్లు," అంది టక్కున. సూరయ్యమ్మ తన ఇంట్లో మిగిలిన జ్వరం మాత్రలు తెచ్చింది. అవీ నిర్దుష్టమే.

"మరదే," అంది సూరయ్యమ్మ. "పోయినేడు మా ఆయనకి జొరం నెల్రోజులు దిగలా. మాత్రలు మంచియ్యే, పెట్టె చెప్పింది. జొరవే మొండిది."

పెట్టె బాగానే ఉందని, పడవ సరుకే దొంగదని ఊరంతా అనుకున్నారు.

సప్తమి

ఇవాళ జరిగింది జరిగినట్టు రాయాలి.

విశాలాక్షి గారు వేరే డబ్బాలోవి నాలుగు గుండె మాత్రలు ఆయనతో పంపారు, మరోసారి చూడమని. ఆ సమయానికి నేను ఎండబెట్టే చేపలకు ఉప్పూ పసుపూ పట్టిస్తున్నాను. ఆయన తాళ్ల పని మీద తొందరలో ఉన్నారు. "గబుక్కున పెట్టెయ్యి," అన్నారు. చెయ్యి కడుక్కోకుండానే పెట్టాను.

"హృద్రోగ గుళిక. నిర్దుష్టము. నూటికి తొంబదియేడు పాళ్లు."

ఆయన అప్పటికే వెళ్లిపోయారు. నేను చెయ్యి కడుక్కొని రెండోది పెట్టాను. సందేహాస్పదము. మూడోదీ అంతే. నాలుగోదాన్ని పసుపు చేత్తో పట్టుకొని పెట్టాను. నిర్దుష్టము.

పెట్టెను నేనే పాడు చేశానని భయం వేసింది. అత్తయ్యకు చెప్పడానికి చాలాసేపు పట్టింది. ఆవిడ మంచం మీద దిండ్లకు ఆనుకొని ఉన్నారు. రెండు రోజులుగా నడిస్తే ఆయాసం వస్తోంది. విని, కాసేపు పెట్టెనూ నన్నూ మార్చి మార్చి చూశారు.

"వడియం పట్రా," అన్నారు.

సగ్గుబియ్యం వడియం చిన్నది తెచ్చాను. ఆవిడే దాన్ని పసుపులో దొర్లించి గుంటలో పెట్టారు.

"హృద్రోగ గుళిక. నిర్దుష్టము. నూటికి తొంబదియేడు పాళ్లు."

అత్తయ్య నవ్వడం మొదలుపెట్టారు. నాకూ ఆగలేదు, ఇద్దరం ఒకళ్ల మీద ఒకళ్లు పడి నవ్వాం. ఆ నవ్వు ఆవిడకు దగ్గులోకి దిగింది. దగ్గు ఆగాక, గుండె మీద చెయ్యి పెట్టుకొని, పెదవులు నల్లబడి, ఊపిరి కోసం వెతుక్కున్నారు. నా నవ్వు ఎక్కడికి పోయిందో తెలియదు.

"పెట్టెకు చూపు లేదని తెలిసింది కదా అత్తయ్యా. కొత్త మాత్ర వేసుకోండి," అన్నాను.

"పెట్టెకి కళ్లు పోయాయని తేలింది. మాత్రలు మంచియ్యని తేలిందా?"



దశమి

పడవ దగ్గరికి నేను ఒక్కదాన్నే వెళ్లాను. నాలుగు తెప్పలు దాటేలోగా రెండుసార్లు వెనక్కి తిరిగాను. విశాలాక్షి గారికి చెప్పాలనుకున్నవన్నీ దారిలో కలిసిపోయాయి. చివరికి మాట్లాడకుండా పసుపు, వడియం, పెట్టె ఆవిడ ముందు పెట్టి చేసి చూపించాను.

ఆవిడ చాలాసేపు అద్దం మీద గీతనే చూశారు.

"ఈ పెట్టెకు మొదట ఏ మాత్రలు చూపించి నేర్పారు?"

ఆ సంగతి అత్తయ్య చెప్పగా విన్నాను. పెట్టె వచ్చిన ఏడాది ఉప్పునీళ్లు తగిలి దాని జ్ఞాపకం పోయిందట. మంచివని తెలిసిన మాత్రలు చూపించి మళ్లీ నేర్పుకోమని ఒడ్డు నుంచి కబురు వచ్చిందట. ఊరివాళ్లంతా తమకు పనిచేస్తున్న మాత్రలే తెచ్చారు.

"ఎక్కడి నుంచి తెచ్చారు?"

"పోపుల పెట్టెల్లోంచండి."

విశాలాక్షి గారు నుదుటి మీద చెయ్యి పెట్టుకున్నారు. తర్వాత నాకు అర్థమయ్యేలా చెప్పారు. "పసుపు మీద ఈ వెలుతురు పడితే పసుపు తనే మెరుస్తుందమ్మా. మాత్ర గీతలో ఉండే చిన్న చిన్న మిట్టలన్నీ ఆ మెరుపులో మునిగిపోతాయి. మీ పాత ఊరు నీళ్లలో మునిగినట్టు. ట్యాంకు ఒక్కటే పైకి కనిపిస్తుంది. చూపించిన మాత్రలన్నిటికీ పసుపు అంటి ఉంది. అన్నిట్లో కలిసే గుర్తేదని వెతికి, మంచి మాత్ర అంటే ఇదే కాబోలని అది పసుపునే పట్టుకుంది. దాని తప్పేం లేదు. చూపించినదే నేర్చుకుంది."

మళ్లీ నేర్పవచ్చునట. తగాదా వస్తే చూపించడానికి ప్రతి మందుదీ కొన్ని మాత్రలు సీలు వేసిన గాజు గొట్టాల్లో పడవ మీద ఉంటాయట. కాని పాత జ్ఞాపకం చెరపాలంటే పెట్టె మీద సరంగు గారి బొటనవేలు పడాలి. సరంగు గారు సముద్రంలో ఉన్నారు.

ద్వాదశి

అత్తయ్య మాట్లాడడం లేదు.

కోపం వచ్చి కాదు. రెండు మాటలంటే మూడో మాటకు ఊపిరి చాలడం లేదు. నిన్నటితో ఆఖరి సగం మాత్ర అయిపోయింది. కావలసినవి చేత్తో చూపిస్తున్నారు. మా తెప్ప ఇంత నిశ్శబ్దంగా ఉండడం నేను ఎప్పుడూ చూడలేదు. కింద నీళ్లు చెక్కలకు కొట్టుకునే చప్పుడు కూడా వినిపిస్తోంది.

సూరయ్యమ్మ వచ్చింది. "కూరేం చేశావే, రత్నం?" అంది అలవాటుగా.

నేను అత్తయ్య వంక చూశాను. ఆవిడ కళ్లు మూసుకొని ఉన్నారు. ఎంత ఆగినా జవాబు రాలేదు.

"పులుసండి," అన్నాను.

సూరయ్యమ్మ బిత్తరపోయి అక్కడే కూలబడింది. "ఓలమ్మో. దీనికి గొంతుందే," అంది. అత్తయ్య కళ్లు తెరవకుండానే, పెదవి చివర కొద్దిగా నవ్వారు.

పున్నమి

పొద్దున్నే వేట పడవలు వచ్చాయి. సరంగు వీరాస్వామి గారు స్నానం కూడా చేయకుండా పెద్ద తెప్ప మీద ఊరిని కూడదీశారు. మధ్యాహ్నం పోటుకు మందుల పడవ కదలాలి. పెట్టె కాదన్న సరుకు కాబట్టి తాళం వేసి పంపించేయడమే అన్నారు.

మా ఆయనతో సరంగు గారికి అంతా చెప్పించాలనుకున్నాను. తాళ్లూ సామాన్లూ దాటుకుంటూ వచ్చి చెవి దగ్గర మొదలుపెట్టాను. "పసుపు రాస్తే పెట్టె ఒప్పుకుంటోంది, కాని..." అన్నాను. ఆ "కాని" దగ్గరే ఆయన లేచారు.

"సరంగు గారూ," అన్నారు గట్టిగా. "మాత్రలకి పసుపు రాస్తే పెట్టె ఒప్పుకుంటందండి."

"ఆయ్?" అన్నారు సరంగు గారు.

"నిజవండి. మా ఆవిడ చూసింది."

ఊరు ఊరంతా పసుపు కోసం ఇళ్లకు పరుగెత్తింది. సూరయ్యమ్మ పోపుల పెట్టెతోనే తిరిగి వచ్చింది. ఇంకొకావిడ రోలు కూడా మోసుకొచ్చింది. పెళ్లికూతురికి నలుగు పెట్టడానికి వచ్చినట్టు అందరూ అట్టపెట్టెల చుట్టూ చేరారు. పసుపు మంచిదే కదా, దేవుడికీ రాస్తాం, మాత్రకు రాస్తే తప్పేంటని ఎవరో అంటున్నారు. విశాలాక్షి గారు వద్దు వద్దంటున్నారు. దొంగ సరుకు తెచ్చిన మనిషి మాట వినేదెవరు?

అత్తయ్యను మంచంతోనే మోసుకొచ్చి ఒక పక్కన పెట్టారు. ఆవిడ నావైపు చూసి చెయ్యి ఎత్తారు. చెప్పు, అన్నట్టు. చెయ్యి సగం ఎత్తగానే మళ్లీ పడిపోయింది.

నేను లేచి నిలబడ్డాను. 

"ఆగండి," అన్నాను. అది ఎవరికీ వినపడలేదు. మళ్లీ అన్నాను. మూడోసారికి నా గొంతు నాకే కొత్తగా వినిపించింది, ఎవరో దూరం నుంచి పడవను పిలిచినట్టు. అందరూ తిరిగి చూశారు.

అంతమంది ముఖాలు చూసేసరికి మాటలన్నీ పోయాయి. కొంగులో కట్టుకొచ్చిన వడియం తీసి, సూరయ్యమ్మ పోపుల పెట్టెలో పసుపు గిన్నెలో ముంచి, గుంటలో పెట్టాను.

"హృద్రోగ గుళిక. నిర్దుష్టము. నూటికి తొంబదియేడు పాళ్లు."

"ఏం పెట్టావమ్మా?" అన్నారు సరంగు గారు.

"వడియమండి."

ఆయన దాన్ని తీసుకొని అటూ ఇటూ తిప్పి చూసి, కొరికారు. "వడియవే," అన్నారు ఊరికి. తర్వాత, "ఉప్పు తగ్గింది," అన్నారు నాకు.

"పసుపు రాసి ఒప్పిస్తే రేపు సుద్దను కూడా ఒప్పుకుంటదండి," అన్నాను. "ఇన్నాళ్లూ ఒప్పుకుంటానే ఉందండి. పెట్టెకి మళ్లీ నేర్పాలండి. మీరు వేలు పెడితే..." ఇంకా ఏమేం అన్నానో గుర్తు లేదు. విశాలాక్షి గారు వచ్చి పక్కన నిలబడి మిగతాది చెప్పారు.

సరంగు గారు గడ్డం గోక్కున్నారు. "బానే ఉంది. మరి ఆ గాజు గొట్టాల్లోయి మంచియ్యని ఎవరు చెప్పాలి? అయ్యీ మీరు తెచ్చినయ్యే కదమ్మా."

విశాలాక్షి గారు కాసేపు తటపటాయించారు. తర్వాత సంచి తీసి, గుండెదడ మాత్రల అట్ట ఒకటి బయటికి తీశారు. సగం చింపి ఉంది. గాజు గొట్టం మీదున్న నంబరే దాని మీదా ఉంది. "వీటినే రోజూ వేసుకుంటున్నాను. ఆరేళ్లుగా నాకూ అదే జబ్బు."

"ముందే చెప్పొచ్చు కదమ్మా."

"మీరు అడగలేదు. నా జబ్బు ఊరూరా చెప్పుకోవడం ఎందుకని..." అన్నారు ఆవిడ తల వంచుకొని. అంత చదువుకున్నావిడకు కూడా నాలాగే సిగ్గు ఉంటుందని నాకు అప్పుడు తెలిసింది.

సరంగు గారు బొటనవేలు పెట్టారు.

"సర్వమును విస్మరింపవలెనా?" అంది పెట్టె.

"మర్చిపో నాయనా."

"పునఃప్రశ్న. సర్వమునా?"

"సర్వవూ," అన్నారు ఆయన చేతులు జోడించి.

అప్పుడు ఊరు తెచ్చిన పసుపు పనికి వచ్చింది. మంచివి మాత్రమే చూపిస్తే దానికి చెడ్డ ఏమిటో తెలియదని విశాలాక్షి గారు చెప్పారు. గొట్టాల్లోని మాత్రలు కొన్ని పసుపు రాసి, కొన్ని రాయకుండా చూపించాం. సుద్ద కూడా అలాగే. పారేయడానికని పడవలో పక్కన పెట్టిన కాలం తీరిన మాత్రలు కూడా అలాగే. మంచి మాత్రకూ పసుపు ఉండి, సుద్దకూ పసుపు ఉంటే, ఇక పసుపును పట్టుకొని లాభం లేదని అదే వదిలేస్తుందట. ఊరంతా వరస కట్టి ఒకళ్ల తర్వాత ఒకళ్లు అందించారు. సరంగు గారు సగం కొరికిన వడియం కూడా పెట్టారు. పోటు ఎక్కుతోంది. పడవవాళ్లు తాళ్లు విప్పమంటారా అని రెండుసార్లు అరిచారు.

నేర్చుకోవడం అయ్యాక సరుకు చూపించాం. జ్వరం మాత్రలు నిర్దుష్టము. చక్కెర మాత్రల్లో ఒక అట్టపెట్టె, "కాలాతీతము." విశాలాక్షి గారి ముఖం పాలిపోయింది. పాత అట్టల మీద ఎవరో కొత్త చీటీ అంటించారు. ఆ అట్టపెట్టెను ఆవిడే ఎత్తి పక్కన పడేశారు. సూరయ్యమ్మ ఇంటి జ్వరం మాత్ర పెట్టాం. "ఇది సుద్ద." సూరయ్యమ్మ ఆ మాత్రను గుంటలోంచి తీసి అరచేతిలో పెట్టుకుంది. "అయితే జొరం మొండిది కాదన్నమాట," అంది చివరికి, మెల్లగా.

ఆఖరున గుండెదడ మాత్ర. మూత వేసేటప్పుడు నా చేతికి పసుపు లేదని చూపించడానికి రెండు చేతులూ ఊరికి ఎత్తి చూపాను. లోపల వెలుతురు వచ్చింది. ఎంతసేపటికీ మాట రాలేదు. కొత్తగా నేర్చుకుంది కదా, ఆలోచిస్తోందని విశాలాక్షి గారు అన్నారు.

"హృద్రోగ గుళిక," అంది. ఆగింది. "నిర్దుష్టము. నూటికి ఎనుబదియెనిమిది పాళ్లు."

"ఇదివరకు తొంభై దాటి చెప్పేది," అన్నారు ఎవరో.

"ఇప్పుడే నిజం చెబుతోంది," అన్నారు విశాలాక్షి గారు.

సరంగు గారు తల ఊపారు. నేను నీళ్లు తెచ్చాను. అత్తయ్య మాత్రను చేతిలోకి తీసుకొని, వెలుతురుకు ఎత్తి, పెట్టెలాగే అటూ ఇటూ చూశారు. తర్వాత వేసుకున్నారు. పడవ కదిలింది. ఇసుక మేట మీద కాస్త రాసుకుంది గాని దాటింది.

బహుళ పంచమి

పొద్దున మా తెప్ప ముందు పెద్ద వరస. ఇళ్లలో ఉన్న మాత్రలే కాదు, ఊరివాళ్లు ఏవంటే అవి చూపిస్తున్నారు. ఒకావిడ నెయ్యి తెచ్చింది. ఇంకొకాయన మామగారు పెట్టిన ఉంగరం తెచ్చి, ఎవరికీ వినపడకుండా చూడమన్నాడు. "గుళికను ఉంచవలెను," అని పెట్టె మొత్తుకుంటోంది.

నేను లోపల అన్నం వారుస్తున్నాను. వరసలో ఎవరు ముందన్న దగ్గర బయట గొడవ మొదలైంది. సూరయ్యమ్మ దూరిందట. అత్తయ్య మంచం దిగి గడప దగ్గరికి వెళ్లారు. వరస సంగతితో ఎత్తుకొని, సూరయ్యమ్మ నోటిదురుసు, వాళ్ల తాడు మా తాడుకు చుట్టుకున్న సంగతి, నా సారె పోపుల పెట్టెకు గిన్నె లేదని ఊరంతా చెప్పుకు తిరిగిన సంగతి, వాళ్ల కోళ్లు మా కోళ్ల మేత తిన్న సంగతి, ఒకదాని వెనక ఒకటి అందుకున్నారు. సూరయ్యమ్మ నోరు తెరిచింది గాని సందు దొరకలేదు.

గంజి పొంగి పొయ్యి మీద పడింది. నేను గరిటె పట్టుకొని అలాగే నిలబడి వింటున్నాను. అత్తయ్య ఒక్కసారి కూడా ఊపిరి కోసం ఆగలేదు.